చర్చిల్ యుద్ధకాల సంకీర్ణ ప్రభుత్వం (1940–1945)

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940 మే 10 నుంచి 1945 మే 23 వరకు బ్రిటన్‌ను పాలించిన ఉమ్మడి ప్రభుత్వం. ప్రధాని విన్‌స్టన్ చర్చిల్. కన్సర్వేటివ్, లేబర్, లిబరల్ పార్టీలు ఇందులో ముఖ్య భాగస్వాములు.

పూర్వరంగం: బ్రిటన్‌లో యుద్ధకాల సంకీర్ణాలు అంతకు ముందూ ఉన్నాయి. క్రిమియా యుద్ధం నాటి అబర్డీన్ సంకీర్ణం 1855లో కూలింది. 1916 డిసెంబరులో లాయిడ్ జార్జ్ ఐదుగురితో యుద్ధ మంత్రివర్గం నెలకొల్పాడు. చర్చిల్ కూడా ఐదుగురితోనే మొదలుపెట్టాడు.

ఏర్పాటు: నార్వేలో బ్రిటిష్ సేనలు దెబ్బతినడంపై 1940 మే 7, 8 తేదీల్లో కామన్స్ సభలో తీవ్రమైన చర్చ జరిగింది. ఓటింగులో నెవిల్ ఛాంబర్లీన్ ప్రభుత్వం నెగ్గినా, ఆధిక్యం 81కి పడిపోయింది. ఆయన నాయకత్వంలో పనిచేయబోమని లేబర్ పార్టీ తేల్చిచెప్పింది. మే 10న జర్మన్ సేనలు హాలండ్, బెల్జియంలపై విరుచుకుపడ్డాయి. ఆ సాయంత్రమే రాజు ఆరవ జార్జ్ చర్చిల్‌కు ప్రభుత్వ బాధ్యత అప్పగించాడు.

యుద్ధ మంత్రివర్గం: తొలి సభ్యులు చర్చిల్, ఛాంబర్లీన్, విదేశాంగ మంత్రి హాలిఫాక్స్, లేబర్ నాయకులు క్లెమెంట్ అట్లీ, ఆర్థర్ గ్రీన్‌వుడ్. రక్షణ శాఖను చర్చిల్ తన వద్దే ఉంచుకున్నాడు. ఫ్రాన్స్ కూలిపోతున్న మే 26–28 తేదీల్లో, ఇటలీ మధ్యవర్తిత్వంతో సంధి అవకాశాలు పరిశీలించాలని హాలిఫాక్స్ వాదించాడు. చర్చిల్ అంగీకరించలేదు. అట్లీ, గ్రీన్‌వుడ్ ఆయన పక్షాన దృఢంగా నిలిచారు. ప్రతిపక్షం నుంచి వచ్చిన ఆ ఇద్దరి మద్దతు ఆ మూడు రోజుల్లో అమూల్యమైనది. డిసెంబరులో హాలిఫాక్స్ స్థానంలో ఆంథొనీ ఈడెన్ విదేశాంగ మంత్రి అయ్యాడు.

స్వదేశ పాలన: యుద్ధ వ్యూహం చర్చిల్ చేతిలో ఉండగా, స్వదేశ పాలన బరువును చాలావరకు జాన్ ఆండర్సన్, లేబర్ మంత్రులు మోశారు. రవాణా కార్మిక సంఘ నేత ఎర్నెస్ట్ బెవిన్ కార్మిక శాఖను సమర్థంగా నడిపాడు. 1941 డిసెంబరు చట్టంతో అవివాహిత యువతులకు కూడా నిర్బంధ జాతీయ సేవ వర్తించింది. హెర్బర్ట్ మారిసన్ హోం శాఖను, వూల్టన్ ఆహార శాఖను చూశారు. సాంఘిక బీమాపై బెవరిడ్జ్ నివేదిక 1942లోనూ, బట్లర్ విద్యా చట్టం 1944లోనూ వెలువడ్డాయి.

భారతదేశం: భారత వ్యవహారాల మంత్రి లియో ఎమరీ. 1942 మార్చిలో స్టాఫర్డ్ క్రిప్స్ తెచ్చిన ప్రతిపాదనలను కాంగ్రెస్, ముస్లిం లీగ్ తిరస్కరించాయి. ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలవగానే కాంగ్రెస్ కార్యవర్గాన్ని ప్రభుత్వం నిర్బంధించింది. అహ్మద్‌నగర్ కోటలో ఖైదైనవారిలో ఆంధ్ర నాయకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య ఒకరు. 1943 బెంగాల్ కరువులో ధాన్యం కోసం ఎమరీ పదేపదే కోరినా, యుద్ధ మంత్రివర్గం నౌకల కొరత చూపి అడిగినంత పంపలేదు. ఈ ప్రభుత్వ చరిత్రలో ఇది మాయని మచ్చ.

ముగింపు: జర్మనీ లొంగిపోయాక, జపాన్ ఓడేవరకు సంకీర్ణం సాగాలని చర్చిల్ కోరాడు. లేబర్ పార్టీ ఒప్పుకోలేదు. జులై ఎన్నికల్లో ఆ పార్టీ 393 స్థానాలు గెలిచింది. అట్లీ ప్రధాని, బెవిన్ విదేశాంగ మంత్రి అయ్యారు. 1946లో భారత్‌కు వచ్చిన క్యాబినెట్ మిషన్ సభ్యులు ముగ్గురిలో క్రిప్స్, ఎ.వి. అలెగ్జాండర్ ఈ సంకీర్ణంలో మంత్రులుగా పనిచేసినవారే.