మద్రాసు మీదుగా విదేశీ చదువు

విదేశీ విద్య అంటే సొంత దేశంలో కొంత చదువు ముగించి, పై చదువుకు మరో దేశపు విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా చేరడం. తెలుగువారి విషయంలో ఈ చరిత్ర చాలాకాలం మద్రాసు మీదుగా నడిచింది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో పేరున్న కళాశాలలూ, విశ్వవిద్యాలయమూ, ఓడరేవూ అక్కడే ఉండేవి. అమెరికా కాన్సులేటూ అక్కడే ఉంది. గూడూరు వైపు నుంచి వచ్చే రైలు పొన్నేరి, మీంజూరు, అత్తిపట్టు దాటి ఎన్నూరు చేరిందంటే ఇక సామాన్లు దించుకోవచ్చు. సెంట్రల్ స్టేషన్ ఎంతో దూరం లేదు. కళాశాలలో చేరడానికి వచ్చినవారూ, ఓడ ఎక్కడానికి వచ్చినవారూ, వీసా కోసం వచ్చినవారూ కోస్తా జిల్లాల నుంచి ఈ పట్టాల మీదుగానే పట్నంలో దిగారు.

ఈ ప్రయాణాలను వరసగా చూస్తే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. చదువుకు డబ్బు ఎవరు పెట్టారన్నదాన్ని బట్టే ఆ చదువు తీరు మారుతూ వచ్చింది. సర్కారు పంపినవారు ఒకలా, ధర్మసంస్థ పంపినవారు మరోలా, బ్యాంకు అప్పు మీద వెళ్లినవారు ఇంకోలా చదివారు. ప్రతిభ గురించి ఎంతో రాశారు కానీ, ఆ ప్రతిభకు టికెట్టు కొన్నవారి గురించి రాసింది తక్కువ.

సర్కారు సొమ్ము, విశ్వవిద్యాలయం సొమ్ము

తొలి తరంలో చెప్పుకోదగ్గ పేరు కట్టమంచి రామలింగారెడ్డి. చిత్తూరు ప్రాంతంలో 1880లో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, 1902లో ప్రభుత్వ ఉపకార వేతనంతో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలకు వెళ్లారు. అక్కడి విద్యార్థుల చర్చావేదిక అయిన కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు తొలి ఉపాధ్యక్షుడు, అంటే నేటి మాటలో వైస్ ఛాన్సలర్, ఆయనే. ప్రజల సొమ్ముతో చదివిన చదువు మళ్లీ ప్రజల విద్యాసంస్థకే అక్కరకొచ్చింది.

హైదరాబాదు సంస్థానంలోనూ ఇలాంటి దారి ఉండేది. మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పన్నెండేళ్లకే గట్టెక్కిన సరోజినీ ఛటోపాధ్యాయ, తర్వాత సరోజినీ నాయుడు, 1895లో నిజాం ఇచ్చిన ఉపకార వేతనంతో ఇంగ్లండు వెళ్లి లండన్ కింగ్స్ కళాశాలలో, కేంబ్రిడ్జి గిర్టన్ కళాశాలలో చదివారు. అప్పటికి ఆమె వయసు పదహారు. ఆడపిల్లను పొరుగూరి బడికి పంపడానికే వెనుకాడే రోజుల్లో ఒక సంస్థానం ఖజానా ఆ పని చేసింది.

శ్రీనివాస రామానుజన్ కథ అందరికీ తెలిసిందే అయినా, అందులోని లెక్కల వెనక ఉన్న డబ్బు లెక్క ఆసక్తికరం. మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగా ఉన్న ఆయనకు 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. ఇంగ్లండు ప్రయాణం ఖాయమయ్యాక అది ఏడాదికి 250 పౌండ్లయింది. అందులో 50 పౌండ్లు ఇంటికి చేరే ఏర్పాటు చేశారు. 1914 మార్చి 17న ‘నెవాసా’ ఓడ మద్రాసు రేవు వదిలింది. సముద్రం దాటితే వెలి వేస్తారన్న భయం ఆ ఇంట్లో బలంగా ఉండేది. తల్లి ఒప్పుకునే దాకా ప్రయాణం సాగలేదు. కళాశాల పరీక్ష తప్పిన కుర్రాడి మీద ఒక విశ్వవిద్యాలయం అంత సొమ్ము పెట్టడం ఈనాటికీ ఆలోచించదగ్గ సాహసం.

సొంత డబ్బుతో వెళ్లినవారిలో చాలామంది న్యాయశాస్త్రం వైపు నడిచారు. బరంపురంలో న్యాయవాది కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి 1913లో డబ్లిన్ చేరారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఐర్లండు విప్లవకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో ఆయన్ను దేశం వదలమన్నారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1921లో చీరాల-పేరాల పన్ను నిరాకరణ ఉద్యమం నడిపారు. ఇద్దరూ పట్టాల కోసం వెళ్లి రాజకీయాలతో తిరిగొచ్చారు.

రంగూన్ సంపాదన, బోస్టన్ చదువు

ఈ చరిత్రలో అందరికన్నా నిలిపి చెప్పుకోవలసింది యల్లాప్రగడ సుబ్బారావు గురించి. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స ఆచార్యుడికి అది నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు దానికన్నా తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. కొన్నాళ్లు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు.

అమెరికా వెళ్లడానికి కొంత సొమ్ము మామగారు కూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. సత్యలింగ నాయకర్ రంగూన్‌లో గడించిన ఆస్తిని విద్యకూ ధర్మానికీ రాసిచ్చిన వ్యక్తి. కోరంగి, కాకినాడ రేవుల నుంచి బర్మాకు కూలికీ వ్యాపారానికీ వెళ్లిన గోదావరి జిల్లాల జనం ఎందరో. అలా సముద్రం దాటి సంపాదించిన డబ్బు, మరో సముద్రం దాటి చదవబోయే కుర్రాడికి ఆసరా అయింది. తెలుగువారి విదేశీ చదువులో ఇంతటి అందమైన బదలాయింపు మరొకటి దొరకదు.

1922 అక్టోబరు 26న సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. హార్వర్డులో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేస్తూ, ఖర్చులకు చాలక ఆసుపత్రిలో రాత్రి పూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. సైరస్ ఫిస్కేతో కలిసి ఒంట్లోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. దాన్ని నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే అంటారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. 1940లో లెడర్లే మందుల సంస్థలో చేరాక ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్‌కు తొలి మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్, బోదకాలు మందు హెట్రజాన్ ఆయన బృందం చేతుల మీదుగా వచ్చాయి. ఆయన అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ అనే పేగు జబ్బుకు ఫోలిక్ ఆమ్లమే మందు. బోదకాలు నివారణకు ఇప్పటికీ ఇంటింటికీ తిరిగి పంచే డీఈసీ మాత్రలో ఉన్నది హెట్రజానే.

చేతిలో ఎన్ని పరిశోధనలున్నా అమెరికా చట్టం ముందు ఆయన పరాయివాడే. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. ఆ తలుపు తెరుచుకున్నది 1946లో. ఆయన పౌరుడు కాకుండానే 1948లో న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశారు. స్వదేశానికి మళ్లీ రాలేదు.

పని ఇచ్చి చదివించిన రోజులు

తర్వాతి తరంలో విశ్వవిద్యాలయాలే విద్యార్థికి జీతం ఇచ్చి చదివించే పద్ధతి బలపడింది. మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో పాఠాలు చెబుతున్న జానకీ అమ్మాళ్, ఆసియా మహిళల కోసం పెట్టిన బార్బర్ ఉపకార వేతనంతో మిచిగాన్ వెళ్లి 1931లో డాక్టరేటు అందుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జి చేరింది ఒక ఉద్యోగం మీద. సూడాన్‌లోని పురాతన సమాధుల్లో దొరికిన ఎముకల కొలతలను గణాంక పద్ధతుల్లో విశ్లేషించడం ఆ పని. దాని పక్కనే గణాంక శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ వద్ద పీహెచ్‌డీ 1948లో ముగించారు.

చిత్తూరు జిల్లా కాటూరులో రైతు కుటుంబంలో పుట్టిన రాజ్‌రెడ్డి 1958లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో సివిల్ పట్టా తీసుకున్నారు. అక్కణ్నుంచి ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లారు. 1966లో కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీ, 1994లో ట్యూరింగ్ పురస్కారం. సివిల్ ఇంజినీరు కంప్యూటర్ల వైపు మళ్లడానికి కావలసిన తీరిక ఆ పద్ధతిలో ఉండేది. నెల వాయిదా తరుముతుంటే అలాంటి మలుపు ఎందరు తీసుకోగలరు?

ఆ రోజుల్లో విదేశీ మారకం కరువు. 1960ల చివర్లో అమెరికా వెళ్లిన తరం జేబులో ఎనిమిది డాలర్లతో విమానం ఎక్కిన సంగతి పదే పదే చెప్పుకుంటుంది. అంతకుమించి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకునేవి కావు. దిగిన రోజు నుంచే ప్రొఫెసర్ ఇచ్చే సహాయక వేతనం మీద బతకాలి.

వీసా వరుస

హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ 2008లో వచ్చింది. అంతవరకూ ఆంధ్రప్రదేశ్ విద్యార్థికి వీసా అంటే చెన్నై. రాత్రి రైలెక్కి, ఉదయం ఎన్నూరు దాటి సెంట్రల్‌లో దిగి, ఫైలు చంకన పెట్టుకుని అన్నాసాలై మీది జెమినీ ఫ్లైఓవర్ పక్కనున్న కాన్సులేట్ ముందు నిలబడేవారు. ఇంటర్వ్యూ కొద్ది నిమిషాలే. దానికోసం ఇంటిల్లిపాదీ నెలల తరబడి కాగితాలు కూడబెట్టేది. హైదరాబాదు దగ్గర చిలుకూరు బాలాజీకి, చెన్నై పళవంతాంగల్‌లోని వినాయకుడికి ‘వీసా’ అన్న పేరు అంటుకున్నది ఈ ఆరాటంలోంచే.

ఎఫ్-1 వీసా కోరేవారికి విశ్వవిద్యాలయం ఐ-20 పత్రం పంపాలి. విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ అయిన సెవిస్‌కు 350 డాలర్ల రుసుము కట్టాలి. మొదటి ఏడాది ఖర్చుకు డబ్బుందని చూపాలి. చదువయ్యాక తిరిగొస్తానని అధికారిని నమ్మించాలి. నమ్మకం కుదరకపోతే అక్కడి వలస చట్టం 214(బి) సెక్షన్ కింద తిరస్కరిస్తారు. చదివేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పనిచేయొచ్చు. చదువయ్యాక ఓపీటీ పేరున ఏడాది పాటు ఉద్యోగం చేయొచ్చు; సైన్సు, ఇంజినీరింగ్ వారికి మరో 24 నెలలు. ఇతర దేశాల లెక్కలు వేరు. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఫీజు ఉండదు కానీ, బతుకు ఖర్చు కింద ఏడాదికి 11,904 యూరోలు ముందే ఖాతాలో పెట్టాలి. కెనడా 2024లో విద్యార్థుల పర్మిట్లకు పరిమితి విధించింది.

అప్పు మీద చదువు

నేటి విద్యార్థుల్లో ఎక్కువమంది సొంత ఖర్చుతో ఎంఎస్‌కు వెళ్లేవారే. ‘ఫండింగ్’ దొరికేది కొందరికే. పొలమో ఇల్లో తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ముప్పై నలభై లక్షల దాకా పోతుంది. ఆ అప్పు వడ్డీకి పాత పన్ను విధానంలో ఎనిమిదేళ్ల వరకూ ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. అది ఊరటే కానీ, అసలు తీరాలంటే డాలర్ల ఉద్యోగమే రావాలి. అందుకే కోర్సు ఎంపికలో ఇష్టం కన్నా త్వరగా ఉద్యోగం ఇచ్చేదేదన్న ప్రశ్న ముందుకొస్తోంది. పిల్లల తప్పు ఇందులో లేదు. డబ్బు వచ్చిన దారే వాళ్లను ఆ వైపు నెడుతోంది.

ఈ తొందరను వాడుకున్నవాళ్లూ ఉన్నారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మీద వీసాల మోసం కేసులో అధికారుల దాడి జరిగినప్పుడు వీధిన పడ్డవారిలో ఎక్కువమంది తెలుగు విద్యార్థులు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. 2019లో మిచిగాన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని అమెరికా ప్రభుత్వ అధికారులే వలగా నడిపారు. తొలి విడత పట్టుబడ్డ 130 మందిలో 129 మంది భారతీయులు. విద్యాసంస్థకు అక్కడి ప్రభుత్వ గుర్తింపు పత్రం ఉండటం ఒక్కటే చాలదని ఈ రెండు ఉదంతాలూ చూపాయి. తరగతులు నిజంగా జరుగుతున్నాయా, పాఠం చెప్పేవారెవరు, గతంలో చదివినవారు ఎక్కడున్నారు అన్నవి కన్సల్టెన్సీ చెప్పిన మాట మీద వదలకుండా కుటుంబమే కనుక్కోవాలి.

ధర్మసంస్థల, సంస్థానాల పాత్ర ఇప్పుడు ప్రభుత్వ పథకాలకు వచ్చింది. 1913లో బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్లు ఇచ్చి అంబేద్కర్‌ను కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపింది. ఆయన పేరున తెలంగాణ నడిపే ఓవర్సీస్ విద్యానిధి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకూ ఇస్తుంది. వెనుకబడిన తరగతులకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరున ఇలాంటిదే ఉంది. ఆంధ్రప్రదేశ్ 2022లో విదేశీ విద్యా దీవెన ప్రకటించింది. కేంద్రం 1954-55లో మొదలుపెట్టిన జాతీయ ఓవర్సీస్ ఉపకార వేతనం షెడ్యూల్డు కులాలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారి పిల్లలకు. అందులో ఏటా ఉన్న సీట్లు 125. 2024-25లో ఒక్క అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,63,019 మంది.