నడుమెత్తు కర్ర

దెగా 1877లో వేసిన ఒక చిత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దాదాపు ఖాళీ గది. గోడ పక్కన సాధన చేస్తున్న ఇద్దరు అమ్మాయిలు, కొంచెం ఎడంగా నేల మీద మొక్కలకి నీళ్లు పోసే కేను. చెక్క నేల మీద దుమ్ము లేవకుండా చిలకరించడానికి అప్పట్లో దాన్ని వాడేవాళ్లు. ఆ చిత్రం గురించి రాసేవాళ్లు చాలామంది ఆ కేను దగ్గరే మొదలెడతారు. దాని పిడికీ ముక్కుకీ, కాలు చాచిన అమ్మాయి ఒంటి వంపుకీ జోడీ ఎలా కుదిరిందో చెప్తారు. నా చూపు మాత్రం వాళ్లు పట్టుకున్న కర్ర దగ్గర ఆగిపోతుంది. గోడకి బిగించిన ఒట్టి కర్ర. ఎవరి ఒంటిని కొలిచి అంత ఎత్తులో బిగించారో!

దీన్ని బార్ అంటారు. (మన ఊళ్లలో బార్ అంటే వేరే సంగతి. అక్కడికీ ఆనుకోడానికే వెళ్తారనుకోండి.) బాలే ఉన్నచోట ఇదీ ఉంటుంది కాబట్టి రెండూ కలిసే పుట్టాయనుకుంటాం. పద్నాలుగో లూయీ 1661లో ప్యారిస్‌లో నాట్య అకాడమీ పెట్టించినప్పుడు ఆ నాట్యం దర్బారు మర్యాదలకి కొనసాగింపు. బరువైన బట్టలు, కొలిచినట్టు వేసే అడుగులు. కాళ్లు పెద్దగా పైకి లేచేవి కావు. 1713లో ఒపేరాకి సొంత నాట్యబడి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలోకి అడుగుపెట్టేసరికి తుంటి దగ్గర్నుంచి కాళ్లని పూర్తిగా పక్కలకి తిప్పడం, మునివేళ్ల మీద నిలవడం లాంటివి వచ్చాయి. అప్పట్నుంచి శరీరాన్ని రోజూ పొద్దున్నే కొత్తగా సిద్ధం చేసుకోవాల్సిన పని పడింది. కర్ర అవసరం అక్కడ మొదలైంది.

కార్లో బ్లాసిస్ 1820లో మిలాన్‌లో ఒక నాట్యపాఠాల పుస్తకం అచ్చు వేయించాడు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ల లోపే. చేయి దేనిమీదైనా గట్టిదాని మీద ఆనించి సాధన మొదలుపెట్టమనీ, తర్వాత ఏ ఆసరా లేకుండా చెయ్యమనీ ఆయన సలహా. ప్యారిస్‌లో ఆదీస్ అనే గురువు 1859లో రాసిన పుస్తకంలో పాతకాలపు సాధన లెక్కలున్నాయి. 48 ప్లియేలు, అంటే మోకాళ్లు మడిచి లేవడం. ఆ తర్వాత కాలు విసరడాలు 128. ఇలాంటివే ఇంకా చాలా. కర్ర దగ్గర ఇదంతా అయ్యాక గది మధ్యకొచ్చి మళ్లీ మొదట్నుంచీ, ఈసారి ఏదీ పట్టుకోకుండా! చదువుతుంటే నాకైతే మోకాళ్లు నొప్పెట్టాయి.

పేరుకి పట్టుకునే కర్రే గానీ, గట్టిగా పట్టుకోకూడదు. వేళ్లు ఊరికే ఆనాలి. ఒంటి బరువంతా దానిమీద వేస్తే తుంటి పక్కకి జారుతుంది, నిలబడ్డ కాలు బద్ధకిస్తుంది. పాఠం మధ్యలో టీచర్ ఉన్నట్టుండి "చేతులు తీయండి" అంటే ఎవరు తూలారో అక్కడికక్కడే తెలిసిపోతుంది. తప్పటడుగుల పిల్లకి మూడు చక్రాల నడకబండి లాంటిదన్నమాట. కాకపోతే బాలే డాన్సర్ రిటైరయ్యే రోజు దాకా ప్రతి పొద్దూ ఈ బండి దగ్గరికే రావాలి.

అందుకే ఎత్తు అంత ముఖ్యం. పెద్దవాళ్లకి మామూలుగా 42 అంగుళాల దగ్గర పెడతారు. నడుముకి కొంచెం పైన, మోచేయి కాస్త వంగి, భుజం కిందికి వాలి ఉండేంత ఎత్తు. ఈమధ్య హైదరాబాద్‌లో ఒక స్కూలు వాళ్లు డాన్స్ గదికి తీసుకున్న కొటేషన్ చూశాను. ఒకటే వరస, 42 అంగుళాలు. ఒకటో తరగతి నుంచి అందరికీ అదే. ఆరేళ్ల పిల్లకి అది గడ్డం దాటుతుంది. చేయి పైకెత్తి వేలాడుతున్నట్టు పట్టుకుంటుంది, భుజం చెవిని తాకుతుంది. ఏ భుజాన్నయితే దించమని టీచర్ ఏడాదంతా మొత్తుకుంటారో, దాన్నే గోడ రోజూ పైకి లేపుతుంటుంది. దీనికి మందు చవకే: ఒకే బ్రాకెట్‌కి రెండు వరసలు. పైది పెద్దవాళ్లకి, ముప్పై చిల్లర అంగుళాల్లో కిందది చిన్నవాళ్లకి. గోడకీ కర్రకీ మధ్య జానెడన్నా ఖాళీ ఉండాలి, లేకపోతే ముందుకి ఊపిన పాదం గోడకి కొట్టుకుంటుంది. కర్ర గుండ్రంగా, నున్నగా, పిల్లల పిడికిట్లో పట్టేంత లావుండాలి. ఇటుక గోడైతే మేస్త్రీ డ్రిల్లేసి బిగించేస్తాడు. జిప్సం బోర్డు గోడైతే లోపలి ఫ్రేము ఎక్కడుందో వెతికి అక్కడే స్క్రూ దింపాలి. పదిమంది ఒకేసారి కాళ్లెత్తి దానిమీద పెడతారు మరి. ఒట్టి బోర్డు ఆ బరువు మొయ్యదు.

ఎత్తు లెక్క సరే. ఆ కర్ర దగ్గరికి ఎవర్ని రానిచ్చారన్నది ఇంకో లెక్క.

ప్యారిస్‌లో 1875లో తెరిచిన కొత్త ఒపేరా భవనంలో, వేదిక వెనక, బంగారు నగిషీల గది ఒకటుంది. గోడల వెంట బార్లు, ఎదురుగా పెద్ద అద్దం. వేదిక ఎక్కే ముందు అమ్మాయిలు ఒళ్లు వేడెక్కించుకునే చోటు. ఏడాది చందాలు కట్టిన ధనికులకీ ఆ గదిలోకి ప్రవేశం ఉండేది, వాళ్లని చూడ్డానికీ మాట కలపడానికీ. చాకలి పని చేసే తల్లుల పిల్లలు, నాలుగు డబ్బులొస్తాయని బడిలో చేరినవాళ్లు. కర్ర పక్కనే బేరం. దెగా మైనపు బొమ్మకి నమూనాగా నిలబడ్డ మరీ వాన్ గోతెమ్ అలాంటి పిల్లే. 1881లో ఆ బొమ్మని ప్రదర్శిస్తే కొందరు విమర్శకులు ఆ ముఖంలో కోతినీ నేరస్తురాలినీ చూశారు. మరుసటేడు, పాఠాలు ఎగ్గొడుతోందని ఆ అమ్మాయిని ఒపేరా తీసేసింది. దెగా చిత్రాల్లో అందం లేదనను. కానీ ఆ కర్ర మీద చేయి చూసినప్పుడల్లా అది ఎంత అలిసిపోయిందోనని కూడా చూడాలనిపిస్తుంది.

తొంభై ఏళ్ల తర్వాత, సముద్రం అవతల, ఇదే కర్రని ఇంకోరకంగా బిగించినవాడు ఆర్థర్ మిచెల్. న్యూయార్క్ సిటీ బాలేలో ప్రధాన నర్తకుడి స్థాయికి ఎదిగిన నల్లజాతి కళాకారుడు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగాక తను పెరిగిన హార్లెమ్‌కి వెళ్లి పిల్లలకి పాఠాలు మొదలెట్టాడు. 1969లో తన గురువు కారెల్ షూక్‌తో కలిసి డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ పెట్టాడు. తొలి రోజుల్లో బడి నడిచింది ఒక గరాజులో. ఉక్కకి తలుపులు తెరిచిపెడితే వీధిలో పిల్లలు గుమ్మం దగ్గర గుమిగూడేవాళ్లు. జీన్స్‌తోనే లోపలికి రానిచ్చాడు. తర్వాత్తర్వాత బాలే వాళ్ల గులాబీ రంగు మేజోళ్లూ బూట్లూ పక్కన పడేసి, ఎవరి ఒంటిరంగుకి తగ్గట్టు వాళ్లకి రంగు వేయించారు. బార్ దగ్గర అద్దంలో కాలు నడుము దాకా వేరే మనిషిదిలా కనిపించడం అక్కడ ఆగింది.

అన్ని డాన్స్ గదులకీ బార్ కావాలా అంటే, నేను వద్దనే అంటాను. మన నాట్యంలో అరమండిలో కూచున్న పిల్లకి పట్టుకోడానికేమీ ఉండదు. మొదటి రోజు నుంచే గది మధ్యలో, తట్టుకర్ర లెక్కకి, సొంత కాళ్ల మీద. రుక్మిణీదేవి అరండేల్‌కి ఈ రెండూ తెలుసు. అన్నా పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర ఆవిడ బాలే నేర్చుకుంది. నీ దేశపు నాట్యం వెతుక్కోమని పావ్లోవా చెప్పాక భరతనాట్యం వైపు తిరిగింది. 1936లో మద్రాసులో కళాక్షేత్ర మొదలెట్టింది. ఒకే గదిలో కూచిపూడీ బాలే రెండూ నేర్పాలనుకునే స్కూళ్లు గోడ కర్ర బదులు, అవసరమైనప్పుడు లాక్కొచ్చి వాడుకునే స్టాండు బార్లు కొనుక్కోవడం మేలు.

గోడ అసలే దొరకనివాళ్లూ ఉన్నారు. బోరిస్ క్నియాసెఫ్ అనే రష్యన్ గురువుకి స్విట్జర్లాండ్‌లో స్టూడియో గోడలకి కర్రలు బిగించే వీలు లేకపోయిందట. దాంతో సాధన మొత్తాన్నీ నేల మీద పడుకోబెట్టాడని చెప్తారు. నేల బార్ అనే ఆ పద్ధతి ఇప్పటికీ నేర్పుతున్నారు. 2020లో లాక్‌డౌన్ పడ్డప్పుడు ఇంగ్లిష్ నేషనల్ బాలే డైరెక్టర్ తమారా రోహో తన వంటింట్లోంచి రోజూ పాఠం చెప్పింది. తెరకి ఇవతల ఎంతోమంది కుర్చీ వీపో, కిటికీ అరుగో, స్టవ్ గట్టో పట్టుకుని ప్లియేలు చేశారు. బ్లాసిస్ చెప్పిన గట్టిది ఏదైనా సరే.