మయన్మార్ మహానగరాలు

2014 జనగణన ప్రకారం మయన్మార్‌లో పది లక్షల జనాభా దాటిన నగరాలు మూడు: యాంగోన్, మాండలే, నేపిడా. దక్షిణాన సముద్రానికి దగ్గరగా రేవు నగరం యాంగోన్‌లో సుమారు 52 లక్షల మంది, దేశం నడుమ ఐరావతి నది ఒడ్డున ఉన్న మాండలేలో 12 లక్షలకు పైగా ఉన్నారు. రాజధాని నేపిడాకు 11.6 లక్షలు చూపినా అందులో మూడింట రెండు వంతులు చుట్టుపక్కల పల్లెల జనమే. మూడూ ఒక పాలకుడో దండెత్తి వచ్చిన దొరో కాగితం మీద గీతలు గీయించి కట్టించినవి. ఆ గీతల మధ్య తర్వాత ఎవరు వచ్చి కాపురం పెట్టారన్న దాన్ని బట్టి మూడింటికీ మూడు రకాల స్వభావాలు అబ్బాయి.

పాత రాజధానులు

బర్మా రాజులకు రాజధాని మార్చడం అలవాటైన పని. ఆవా, సగాయింగ్, అమరపుర, మాండలే ఒకే నది వంపు చుట్టూ, ఒకదానికొకటి పూట ప్రయాణం లోపే ఉన్నాయి. రాజమందిరాలు టేకు కలపవి కాబట్టి విప్పి, ఏనుగుల చేత మోయించి, కొత్త చోట మళ్లీ నిలబెట్టడం కుదిరేది. దక్షిణాన పెగు (నేటి బగో) 16వ శతాబ్దంలో బయిన్నాంగ్ చక్రవర్తికి రాజధాని. ఐరోపా వర్తకులు దాని సంపద చూసి నోరెళ్లబెట్టారు. 1599లో అది ధ్వంసమైంది. నది మేట వేసి ఓడల రాక తగ్గాక పాత వైభవం మళ్లీ రాలేదు. ఆ వాణిజ్యం కాలక్రమంలో యాంగోన్‌కు చేరింది.

యాంగోన్

ష్వెడగాన్ పగోడా చుట్టూ ఉన్న డగాన్ అనే చిన్న ఊరిని 1755లో అలాంగ్‌పయా రాజు గెలుచుకుని యాంగోన్ అని పేరు పెట్టాడు. ఇంగ్లీషువాళ్ల నోట అది రంగూన్ అయింది. 1852లో రెండో ఆంగ్లో-బర్మా యుద్ధంలో ఊరు వాళ్ల చేతికి చిక్కాక, బెంగాల్ ఇంజనీర్ల దళానికి చెందిన అలెగ్జాండర్ ఫ్రేజర్ దానికి కొత్త నమూనా గీశాడు. సూలే పగోడా నడిబొడ్డు, నదికి సమాంతరంగా పెద్ద రోడ్లు, వాటిని అడ్డంగా కోస్తూ సన్నటి వీధులు. ఈ చదరంగపు గళ్లు నేటికీ అలాగే ఉన్నాయి. అంతవరకూ, 1827 నుంచి, ఇంగ్లీషువాళ్ల బర్మా రాజధాని టేకు ఓడలు కట్టే మౌల్‌మెయిన్. రంగూన్ లేవగానే దాని ప్రాభవం సన్నగిల్లింది.

ఐరావతి డెల్టాలో అడవి కొట్టి వరి వేశారు. బియ్యం ఎగుమతిలో బర్మా ప్రపంచంలోనే ముందుకొచ్చింది. మర ఆడించడానికి, బస్తాలు మోయడానికి, ఓడ దించడానికి చేతులు కావాలి. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం, 1937 దాకా విడిపోలేదు. అందువల్ల ఆ చేతులు బంగాళాఖాతం ఇవతలి నుంచి వెళ్లాయి. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఆవిరి ఓడలు ఆగి జనాన్ని ఎక్కించుకునేవి. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి, ఓడ చార్జీ పెట్టి తీసుకెళ్లేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ అతని చేతి కిందే. ఉత్తరాంధ్ర పల్లెల్లో దీన్నే ‘రంగం (రంగూన్) పోవడం’ అనేవారు. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరంగి రేవు 1839 తుపానుకే దెబ్బతిన్నా, దాని పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచారు.

1931 జనగణన నాటికి రంగూన్ జనాభా నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులు. అప్పులిచ్చేవారు చెట్టియార్లు, గుమస్తాగిరీలో బెంగాలీలు, బట్టల కొట్లలో గుజరాతీలు, రేవులో బరువు మోసేవాళ్లూ రిక్షా లాగేవాళ్లూ ఎక్కువగా తెలుగువాళ్లు. రంగూన్‌ను తూర్పున వెలిగిన మహానగరమని మురిసిపోతూ రాసినవాళ్లు, రాత్రి పాళీ కూలీ లేచి వెళ్తే పగటి పాళీ కూలీ అదే చోట నడుం వాల్చిన ఆ ఇరుకు గదుల్ని తలుచుకోవడం తక్కువ. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీల తరఫున బర్మీయుల్ని పనిలోకి దించారు. సమ్మె పరిష్కారం కాగానే వాళ్లను పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకి వందమందికి పైగా చనిపోయారు. కూలి దగ్గర పుట్టిన తగువు జాతుల తగువుగా చరిత్రకెక్కింది. ఆదా చేసుకోజూసిన కంపెనీల పేరు దాని పక్కన పెద్దగా వినబడదు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడలో చోటు దొరకనివాళ్లు అరకాన్ కొండల మీదుగా, మణిపురం అడవుల మీదుగా కాలినడకన ఇండియాకు బయల్దేరారు. నాలుగైదు లక్షల మంది అలా వచ్చారని అంచనా. దారిలో రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. 1962లో జనరల్ నే విన్ అధికారం పట్టి దుకాణాల్ని జాతీయం చేశాక రెండో విడత కాందిశీకులు వచ్చారు. విశాఖ కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు, చెన్నైలోని బర్మా బజారు ఆ విడత గుర్తులే. వెళ్లిపోయినవాళ్ల అంగళ్లలో బర్మీయులు, చైనీయులు స్థిరపడ్డారు. అయినా నగరం మధ్యలో పక్కపక్క వీధుల్లో మసీదు, కాళీ గుడి, యూదుల ప్రార్థనా మందిరం నిలిచే ఉన్నాయి.

1948లో స్వాతంత్ర్యం వచ్చాక ఇదే దేశ రాజధాని అయింది. అంతకు ముందు ఏడాది జులై 19న స్వాతంత్ర్యోద్యమ నేత ఆంగ్ సాన్‌నూ ఆయన సహచరుల్నీ కాల్చి చంపిన ఎర్ర ఇటుకల సెక్రటేరియట్ ఇప్పటికీ నడిబొడ్డునే ఉంది. సైనిక పాలన మీద 1988 ఉద్యమం పుట్టింది ఇక్కడి విశ్వవిద్యాలయాల నుంచే. విద్యార్థులంటే సైనిక పాలకులకు అప్పటికే భయం. ఆ తర్వాత కళాశాలల్ని ఏళ్ల తరబడి మూసి ఉంచారు.

కూడళ్లలో బెత్తెడు ఎత్తు ప్లాస్టిక్ పీటల మీద కూర్చుని టీ తాగడం, తెల్లారగానే చేపల పులుసుతో మొహింగా తినడం యాంగోన్ దినచర్య. లిఫ్టుల్లేని పాత అపార్ట్‌మెంట్ల బాల్కనీల నుంచి తాళ్లు వేలాడుతుంటాయి. తాడు కొసన క్లిప్పు, కొన్నింటికి చిన్న గంట. పేపరబ్బాయి పేపరు క్లిప్పుకు తగిలించి తాడు లాగితే నాలుగో అంతస్తులో గంట మోగుతుంది, పేపరు పైకి వెళ్తుంది. వాహనాల కథ మరో వింత. 1970లో నే విన్ ఉన్నట్టుండి ఎడమ పక్క నడిచే బళ్లన్నిటినీ కుడి పక్కకు మార్చాడు. స్టీరింగులు మాత్రం పాత వైపే ఉండిపోయాయి.

మాండలే

బుద్ధ ధర్మానికి 2,400 ఏళ్లు నిండిన సందర్భంగా మిండాన్ రాజు 1857లో అమరపుర వదిలి ఈ నగరానికి పునాది వేశాడు. దిగువ బర్మా అప్పటికే పోయింది. పోయిన భూమి బదులు ధర్మం కేంద్రంగా రాజధాని కట్టాలని ఆయన సంకల్పం. ఒక్కో పక్క రెండు కిలోమీటర్ల నలుచదరపు కోట, చుట్టూ కందకం, పన్నెండు ద్వారాలు. కొండ కింద కుథోడా పగోడాలో త్రిపిటకాన్ని 729 చలువరాతి పలకల మీద చెక్కించాడు. 1885లో ఇంగ్లీషువాళ్లు వచ్చినప్పుడు ఆయన కొడుకు తీబా, రాణితో కలిసి ఎద్దుబండిలో రేవుకు వెళ్లి ఓడెక్కాడు. మద్రాసు మీదుగా రత్నగిరి చేర్చి అక్కడే ఉంచారు, 1916లో పోయాడు. ఢిల్లీ చివరి పాదుషా బహదూర్ షా జఫర్ అంతకు చాలా ముందే, 1862లో, రంగూన్‌లో కన్నుమూశాడు. ఇద్దరు చివరి రాజుల్నీ ఇంగ్లీషువాళ్లు ఇలా ఒడ్డులు మార్చి పెట్టారు. తిలక్ 1908–14 మధ్య మాండలే జైల్లో ఉండగానే గీతారహస్యం రాశాడు.

1945లో యుద్ధం కోటలోని టేకు మందిరాల్ని బూడిద చేసింది. అంతకు ముందే కోట వెలుపలికి తరలించిన ష్వెనండా విహారం ఒక్కటే మిండాన్ కాలపు చెక్క పనితనానికి సాక్ష్యంగా మిగిలింది. 1980ల చివర్లో చైనా సరిహద్దు వర్తకం తెరుచుకున్నాక యున్నాన్ వ్యాపారులు పెద్ద ఎత్తున వచ్చారు. జేడ్ రాళ్ల సంత, హోటళ్లు, నడిబొడ్డు స్థలాలు చాలావరకు వాళ్ల చేతికి వెళ్లాయని స్థానికుల గొణుగుడు. అయినా భిక్షువుల ఊరన్న పేరు దీనికి పోలేదు. బంగారు రేకు కొట్టే పేట ఇప్పటికీ ఇక్కడే ఉంది. వెదురు కాగితాల మధ్య బంగారాన్ని పేర్చి, జింక తోలులో కట్టి, మూడు కిలోల సుత్తితో గంటల తరబడి కొడతారు. ఎంతసేపు కొట్టాలో చెప్పేది నీళ్లలో తేలే చిల్లు కొబ్బరిచిప్ప. అది మునిగితే ఒక వరుస పూర్తయినట్టు. ఆ రేకులు మహాముని విగ్రహం మీద భక్తులు అంటించగా అంటించగా ఒంటి మీద బంగారం అరడుగు మందాన పేరుకుంది. మొహానికి మాత్రం అంటించరు.

నేపిడా

2005 నవంబరు 6 తెల్లవారుజామున, జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తానికి, ప్రభుత్వ ఉద్యోగుల లారీలు యాంగోన్ నుంచి ఉత్తరానికి సుమారు 320 కిలోమీటర్ల దూరంలో, పిన్మనా దగ్గర కట్టిన కొత్త రాజధాని వైపు కదిలాయి. నేపిడా అన్న పేరు మరుసటి ఏడాది సైనిక దినోత్సవం నాడు ప్రకటించారు. సముద్రం నుంచి దాడి భయమని ఒక మాట, యాంగోన్ జనం భయమని మరో మాట. రెండోదే నమ్మదగ్గది. ఇరవై వరుసల రోడ్డు మీద జనం గుమికూడినా చీమల బారులాగే కనబడతారు. ఇళ్ల పైకప్పుల రంగు మంత్రిత్వ శాఖను బట్టి ఉంటుంది. ఉప్పాతశాంతి పగోడాను ష్వెడగాన్ నమూనాలోనే, దానికన్నా ముప్పై సెంటీమీటర్లు తక్కువ ఎత్తుతో కట్టారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ గద్దెనెక్కింది ఇక్కడే. అయినా ఆ నెల వీధుల్లోకి లక్షల్లో జనం వచ్చింది యాంగోన్, మాండలేల్లో.

2025 మార్చి 28న 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. సగాయింగ్ పగులు రేఖ మాండలే పక్క నుంచి నేపిడా దగ్గరగా సాగుతుంది. మూడు వేల మందికి పైగా చనిపోయారు. మాండలే కోట గోడలు కూలాయి, 1934 నాటి ఆవా వంతెన నదిలో పడింది. నేపిడాలో విమానాశ్రయపు కంట్రోల్ టవర్ నేలమట్టమైంది, ఇరవై ఏళ్లయినా నిండని ఉద్యోగుల క్వార్టర్లు పడిపోయాయి. యాంగోన్‌లో నష్టం స్వల్పం.