పరుగెత్తే గుండె, మండే ఎండ: ఉత్తేజక మందుల చరిత్ర నేర్పిన పాఠం



గుండెదడతో మనిషి కూలబడినప్పుడు చుట్టూ చేరినవారు మొదట అడిగేది ‘నాడి ఎంత కొట్టుకుంటోంది?’ అని. అది అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ దడ ఏదైనా ఉత్తేజక మందు వలన పుట్టినదైతే అంతకంటె ముందు అడగవలసినవి రెండున్నాయి. ఏమి తీసుకున్నాడు? ఒళ్ళు ఎంత కాలుతోంది? ఈ రెండు ప్రశ్నల విలువ తెలుసుకోవడానికి వైద్యశాస్త్రానికి సుమారు నూరేళ్ళు పట్టింది. ఆ నూరేళ్ళ కథను నేడు మీ ముందుంచుతున్నాను. మన ముదిగుబ్బ వంటి ఎండప్రాంతంలో నివసించేవారికి ఇది కేవలం చరిత్ర కాదు, ప్రాణావసరం.

మొక్క నుండి మాత్ర వరకు

చైనా వైద్యులు ‘మా హువాంగ్’ అనే పొదను దగ్గుకు, ఆయాసానికి అనాదిగా వాడుతూ వచ్చారు. 1885లో జపాను రసాయన శాస్త్రజ్ఞుడు నాగాయి నాగయోషి ఆ పొద నుండి ఎఫెడ్రిన్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. అప్పట్లో దానిని పాశ్చాత్య వైద్యలోకం అంతగా పట్టించుకోలేదు.

మరో దశాబ్దానికి ఇంగ్లండులో జార్జ్ ఆలివర్, ఎడ్వర్డ్ షేఫర్ అనే ఇద్దరు, మూత్రపిండాలపై టోపీల వలె అమరివుండే అడ్రినల్ గ్రంథుల సారం రక్తపోటును ఒక్కసారిగా పెంచుతుందని కనుగొన్నారు. 1901లో తకామినే జోకిచి ఆ సారం నుండి అడ్రినలిన్‌ను స్ఫటిక రూపంలో రాబట్టాడు. భయం కలిగినప్పుడు, కోపం వచ్చినప్పుడు, పరుగెత్తవలసి వచ్చినప్పుడు మన శరీరమే విడుదల చేసుకునే పదార్థమిది. ఉబ్బసానికి ఇది గొప్ప మందే గాని, నోటి ద్వారా పనిచేయదు. సూదిమందుగా ఇచ్చినా దాని ప్రభావం కొద్దిసేపే.

1924లో పెకింగ్ యూనియన్ వైద్య కళాశాలకు చెందిన చెన్, ష్మిట్ అనే పరిశోధకులు ఎఫెడ్రిన్ కూడా అడ్రినలిన్ వలెనే పనిచేస్తుందనీ, పైగా నోటి ద్వారా తీసుకోవచ్చుననీ, దాని ప్రభావం గంటల తరబడి నిలుస్తుందనీ లోకానికి చాటారు. మన దేశంలో కలకత్తాలోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో రామ్‌నాథ్ చోప్రా బృందం హిమాలయ ప్రాంతపు ఎఫెడ్రా మొక్కలను పరిశీలించింది. అలా ఎఫెడ్రిన్ మాత్ర ఉబ్బస రోగులకు ప్రపంచమంతటా సుపరిచితమైంది. మాత్ర మింగిన రోగికి ఊపిరి తేలికయ్యేది. దానితోపాటు చేతులు వణికేవి, నిద్ర పట్టేది కాదు, గుండె దడదడలాడేది.

ఎఫెడ్రిన్‌కు బదులు మరొక మందు కోసం వెతుకుతూ గోర్డన్ ఆలెస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1920ల చివర ఆంఫెటమిన్‌ను ముందుకు తెచ్చాడు. దానిని 1887లోనే బెర్లిన్‌లో లజార్ ఎడెలియాను తయారుచేశాడు గాని, ఎందుకు పనికివస్తుందో అప్పుడు ఎవరికీ తెలియదు. రెండవ ప్రపంచ యుద్ధంలో నిద్రను, అలసటను జయించడానికి ఇరుపక్షాల సైనికులకూ ఈ జాతి మాత్రలు పంచిపెట్టారు. ఊపిరి కోసం పుట్టిన మందు ఆ విధంగా మెలకువ కోసం, బలం కోసం వాడే మందుగా మారింది. ప్రమాదం మొదలైనది అక్కడే.

గుండె ఎందుకు పరుగెత్తుతుంది?

1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ అనే అమెరికా ఆచార్యుడు ఒక చక్కని వివరణ ఇచ్చాడు. అడ్రినలిన్ ఒక తాళంచెవి అనుకోండి. శరీరంలో దానికి సరిపోయే తాళాలు రెండు రకాలు: ఆల్ఫా, బీటా. ఆల్ఫా తెరుచుకుంటే రక్తనాళాలు బిగుసుకుంటాయి. బీటా తెరుచుకుంటే గుండె వేగం పెరుగుతుంది, శ్వాసనాళాలు విప్పారుతాయి. ఉత్తేజక మందులు ఈ తాళాలను తామైనా తెరుస్తాయి, శరీరంలోని అడ్రినలిన్ వంటి పదార్థాలను ఉసిగొల్పి తెరిపిస్తాయి.

పెద్దవారిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 60 నుండి 100 వరకు ఉండటం సహజం. గుండె కండరానికి రక్తం అందేది ప్రధానంగా రెండు స్పందనల నడుమ దొరికే విరామంలోనే. వేగం పెరిగేకొద్దీ ఆ విరామం తగ్గిపోతుంది. ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఆ ఖర్చుకు నాణెం ఏటీపీ అనే శక్తి పదార్థం. దానిని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వెల్లడించినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అని తెలుగువారు గర్వంగా గుర్తుంచుకోవాలి. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం ఎంతకాలం నిలుస్తుంది? మితిమీరిన దడ గుండెకు చేసే చేటు అదే.

దడను ఆపే మందు, దాని హద్దులు

ఆల్‌క్విస్ట్ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకొని స్కాట్లండుకు చెందిన జేమ్స్ బ్లాక్ బీటా తాళాన్ని మూసే మందు కోసం శ్రమించాడు. 1964 నాటికి ప్రొప్రనలాల్ వచ్చింది. గుండెనొప్పి రోగులకు అది వరమైంది. ఆయనకు 1988లో నోబెల్ బహుమతి లభించింది. నేటికీ అనేక రకాల గుండెదడలకు అది, దాని వంశంలోని మందులు చక్కగా పనిచేస్తున్నాయి.

అయితే ఉత్తేజక మందు వలన కలిగిన దడకు దీనిని ఇంట్లో మింగవచ్చునా? కూడదు. దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది: బీటా తాళం మూస్తే శ్వాసనాళాలు కూడా ముడుచుకుంటాయి. ఉబ్బస రోగులకు ఈ మందు ప్రమాదమని 1964లోనే హెచ్చరిక వెలువడింది. ఉబ్బసపు మాత్ర వలన వచ్చిన దడకు ప్రొప్రనలాల్ వేసుకుంటే, దడ తగ్గవచ్చు గాని ఊపిరి ఆగవచ్చు.

రెండవది: బీటాను మాత్రమే మూస్తే ఆల్ఫాకు ఎదురు లేకుండా పోతుంది. 1990లో అమెరికాలో కొకైన్‌పై జరిగిన ఒక అధ్యయనంలో, ప్రొప్రనలాల్ ఇచ్చిన తరువాత గుండె కండరానికి రక్తాన్ని చేర్చే నాళాలు మరింత బిగుసుకొని రక్తప్రవాహం తగ్గినట్లు తేలింది. 2008లో అమెరికా హృద్రోగ సంఘం కొకైన్ వలన వచ్చే ఛాతీ నొప్పికి మొదట డయజిపాం వంటి శాంతపరిచే మందులే ఇవ్వాలనీ, తొలి దశలో బీటా నిరోధకాలను మానుకోవాలనీ సూచించింది. ఈ విషయమై నిపుణుల మధ్య చర్చ నేటికీ సాగుతోంది. ఆసుపత్రిలో యంత్రాల పర్యవేక్షణలో నిపుణుడు ఎంచి ఇచ్చే మందు వేరు. ఇంట్లో అరలో దొరికిన మాత్ర వేరు.

గుండెకు కళ్ళెం వేయడానికి ముందు దానిని తరుముతున్న మెదడును, నాడీమండలాన్ని శాంతపరచాలి. మనిషి నెమ్మదిస్తే గుండె చాలావరకు తానే నెమ్మదిస్తుంది.

వేడి అనే రెండవ శత్రువు

1967 జూలై 13న ఫ్రాన్సు సైకిలు పందెంలో మోఁ వాఁటూ కొండ ఎక్కుతూ టామ్ సింప్సన్ అనే బ్రిటిష్ క్రీడాకారుడు మండుటెండలో కుప్పకూలి మరణించాడు. ఆయన రక్తంలో ఆంఫెటమిన్ ఉన్నట్లు తేలింది. 2003 ఫిబ్రవరిలో అమెరికాలో స్టీవ్ బెక్లర్ అనే 23 ఏళ్ళ బేస్‌బాల్ ఆటగాడు శిక్షణలో వడదెబ్బకు గురై మరణించాడు; బరువు తగ్గడానికి ఆయన ఎఫెడ్రా కలిసిన గుళికలు వాడాడు. 2004 ఏప్రిల్ నుండి ఎఫెడ్రా కలిసిన ఆహార పూరకాలను ఆ దేశం నిషేధించింది. చైనా పొద ప్రయాణం అలా ఒక మలుపు తిరిగింది.

ఉత్తేజక మందు శరీరంలో వేడిని పుట్టిస్తుంది, చర్మంలోని రక్తనాళాలను బిగించి ఆ వేడిని బయటకు పోనివ్వదు, అలసట తెలియనివ్వక మనిషిని ఎండలోనే నిలబెడుతుంది. 1981లో కుక్కలపై జరిపిన కొకైన్ పరిశోధనలో శరీరం వేడెక్కడం మరణానికి ముఖ్య కారణమని, చల్లదనమూ శాంతపరిచే మందులూ రక్షణ ఇస్తాయని తేలింది. 1998లో న్యూయార్కు నగరపు లెక్కలు పరిశీలించినవారు గరిష్ఠ ఉష్ణోగ్రత 31.1 డిగ్రీలు లేదా అంతకు మించిన దినాలలో కొకైన్ మోతాదు మించి మరణించినవారి సగటు సంఖ్య 33 శాతం ఎక్కువని గమనించారు.

పాఠకులారా, 31 డిగ్రీలు మనకు చల్లని దినం! వర్షాభావానికి పేరుబడ్డ అనంతపురం పీఠభూమిలో, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ముదిగుబ్బలో, ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలకు చేరడం మనకు వింత కాదు. కొకైన్ మన ఊరి సమస్య కాదనుకుందాం. కాని ఉబ్బసపు మాత్రలు, ముక్కు దిబ్బడ తగ్గించే జలుబు మాత్రలు, శక్తి పానీయాలు, బరువు తగ్గించే గుళికలు, వ్యాయామశాల పొడులు మన అంగళ్ళకూ చేరినవే. వీటి బలం కొకైన్ అంత కాకపోయినా నడిచే దారి అదే. బుడ్డల కల్లంలో ధూళికి ఆయాసపడి రెండు మాత్రలు అదనంగా వేసుకున్న రైతు, అనంతపురం–కదిరి రహదారిపై రాత్రంతా మెలకువ కోసం ఏదో మింగి మధ్యాహ్నం ఎండలో బండి దిగిన డ్రైవరు, ఇద్దరూ ఈ దారిలో నిలిచినవారే. ఒంట్లో నీరు తగ్గితే మందు లేకుండానే నాడి వేగమెక్కుతుంది. మందు తోడైతే చెప్పనవసరం లేదు.

మీరు చేయవలసినవి

మొదట ఆ మందును, టీ, కాఫీ, పొగ, శక్తి పానీయాలను ఆపండి. మనిషిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిపై నీళ్ళు చల్లి విసరండి. స్పృహలో ఉండి మింగగలిగితే నీరు గాని ఓఆర్ఎస్ గాని కొద్దికొద్దిగా ఇవ్వండి. గుంపును తొలగించి, మృదువుగా మాట్లాడండి. పెనుగులాడే మనిషిని కట్టివేయకండి, బలంగా అదిమిపట్టకండి. పెనుగులాట వేడిని పెంచుతుంది.

ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, మాట తడబడటం, మూర్ఛ, తీవ్ర ఆయాసం, కాలిపోతున్న ఒళ్ళు, విశ్రాంతిలోనూ తగ్గని వేగం లేదా లయ తప్పిన నాడి కనబడితే తడవు చేయక 108కి ఫోను చేయండి. అది వచ్చేవరకు చల్లబరచడం ఆపకండి. మింగిన మాత్రల అట్టను, సీసాను వెంట తీసుకువెళ్ళండి. ఏమి తీసుకున్నదీ వైద్యునికి దాచకుండా చెప్పండి. ఆయనకు కావలసింది మందు పేరే గాని మీ తప్పొప్పులు కాదు.

ఉబ్బసం ఉన్నవారికి ఒక మాట. సాల్బుటమాల్ పీల్చే మందు ఒక్క పీల్పులో ఉండేది 100 మైక్రోగ్రాములు. రెండు పీల్పులు 200. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్రలో 4000 మైక్రోగ్రాములు, అనగా ఇరవై రెట్లు! పీల్చే మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది; మాత్ర ఒళ్ళంతా తిరిగి గుండెను తడుతుంది. ‘పీలిస్తే అలవాటవుతుంది’ అనే అపోహను విడనాడి, మాత్రకు బదులు పీల్చే మందు గురించి మీ వైద్యుని అడగండి. అయితే దడ వచ్చిందని ఉబ్బసం మందులన్నీ మీ అంతట మీరే మానకండి, అదీ ప్రమాదమే.

ఈ వేసవికి ముందే మీ ఇంటి మందుల డబ్బాను ఒకసారి నేలపై కుమ్మరించి చూడండి. ఎవరి కోసమో ఎప్పుడో కొన్న మాత్రలను, పేరు తెలియని గుళికలను ఏరి పక్కన పెట్టి, మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి, అవసరం లేనివాటిని వదిలించుకోండి.