తాత గూట్లో పేరీత పువ్వు

నా చిన్నప్పుడు తిరుపతిలో మా ఇంటి వసారా గూట్లో ఒక వస్తువు ఉండేది. జానెడు పొడవు, గోధుమ రంగు, పైనంతా పొలుసులు. ఏదో ఎండిపోయిన అడవి పైనాపిల్ అనుకునేవాణ్ణి. అడిగితే తాత నవ్వి, "పేరీత పువ్వు లేరా. కొండమీదిది. వొంట్లో బలానికి" అనేవాడు. ఏ బలానికో అర్థమయ్యే వయసు వచ్చేసరికి తాత లేడు, ఆ గూడూ లేదు. ఆ పువ్వు కథ నాకు ఈ మధ్యే తెలిసింది. తెలిశాక కొంచెం సిగ్గేసింది.

పేరీత ఈత కాదు. ఆకులు చూసి మనవాళ్లు ఈతతో చుట్టరికం కలిపారు గానీ, అది సైకస్. పూలు పూసే మొక్కల కంటే ముందు పుట్టిన వంశం. కాబట్టి తాత చెప్పిన పువ్వు కూడా పువ్వు కాదు, మగమొక్క పుప్పొడిని మోసే శంకువు. ప్రపంచం మొత్తంలో ఈ జాతి సహజంగా పెరిగేది మన తిరుపతి–కడప కొండల్లోనే.

దీనికి సైకస్ బెడ్డోమి అన్న శాస్త్రీయ నామం పెట్టింది 1883లో, లండన్ క్యూ ఉద్యానానికి చెందిన విలియం తిసిల్టన్-డయర్. బెడ్డోమ్ అంటే రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. సైనికుడిగా మద్రాసు వచ్చి, అడవుల శాఖలో చేరి, 1860 నుంచి 1882 దాకా దానికి అధిపతిగా పనిచేశాడు. కలప లెక్కలు చూడాల్సిన ఉద్యోగంలో ఉంటూ ఫెర్నులు, పాములు, బల్లులు, నత్తలు దేన్నీ వదలకుండా పోగుచేసి, వాటి గురించి రాసిన మనిషి. మొక్కకు ఆయన పేరు పెట్టేనాటికి చిత్తూరు జిల్లా అన్నదే లేదు. తిరుపతి ఉత్తర ఆర్కాటులో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, బెడ్డోమ్ చనిపోయిందీ ఆ ఏడే. 2022లో తిరుపతి కూడా వేరే జిల్లా అయిపోయింది.

ఇక ఆ శంకువు సంగతి. పేరీతలో ఆడ, మగ వేర్వేరు మొక్కలు. మగ శంకువును కోసేస్తే ఆ మొక్కేమీ చావదు, మళ్లీ ఆకులేస్తుంది. అందుకే కోసేవాడికి తప్పు చేసినట్టే అనిపించదు. కానీ దాంతోపాటు పుప్పొడి పోతుంది. పుప్పొడి అందని ఆడమొక్కలో మొలకెత్తే విత్తనం తయారు కాదు. దీనికి తోడు వేసవిలో కార్చిచ్చు. ముదురు మొక్కల కాండాన్ని పాత ఆకుల మొదళ్లు కవచంలా కప్పి ఉంటాయి కాబట్టి అవి నిప్పును తట్టుకుని మళ్లీ చిగురిస్తాయి. మొలకలు మాడిపోతాయి. పైనుంచి చూస్తే కొండ పచ్చగానే ఉంటుంది, కింద మాత్రం పిల్లమొక్కలు ఉండవు.

సైకస్ వంశాన్ని 'సజీవ శిలాజం' అనడం మామూలే. ఈ మాట మీద నాకు అభ్యంతరముంది. డైనోసార్లనే చూసిన మొక్క, మనల్నేం లెక్కచేస్తుందిలే అన్న ధీమా అందులో ఉంది. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన జన్యు అధ్యయనం ప్రకారం, వంశం పాతదే అయినా ఇప్పుడున్న సైకడ్ జాతులు చాలావరకు గత 1.2 కోట్ల ఏళ్లలో విడివడినవే. అంటే వంశం వయసు చూసి జాతికి గట్టి ఆయుష్షు ఉందనుకోవడం పొరపాటు.

తిరుపతిలో ఎర్రచందనం గురించి తెలియనివాళ్లుండరు. స్మగ్లర్లు, టాస్క్‌ఫోర్స్, కాల్పులు, ఆపైన సినిమాలు. కానీ అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందంలో ఎర్రచందనం రెండో అనుబంధంలో ఉంటే, పేరీత మొదటిదానిలో ఉంది. అంటే ఇంకా కఠినమైన కట్టడి. మన వన్యప్రాణి చట్టం 1972లో వచ్చినా, అందులో మొక్కల జాబితా చేరింది 1991 సవరణతోనే. దేశం మొత్తానికి అప్పట్లో ఆ జాబితాలో ఉండేవి ఆరంటే ఆరు పేర్లు. ఎక్కువ భాగం ఈశాన్యానివి, హిమాలయాలవి. వాటి మధ్య మన పేరీత.

లెక్క వేసుకుంటే, ఆ శంకువు మా గూట్లో ఉన్నప్పటికే ఆ చట్టం ఉంది. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. లాటిన్ పేరు లండన్‌లో పెట్టారు, చట్టం ఢిల్లీలో రాశారు. కొండ కింద ఉన్న మాకు ఆ మొక్క గురించి మిగిలింది 'బలానికి' అన్న ఒక్క మాట.

తాతకు చట్టం సెక్షన్లు చెప్పినా పట్టించుకునేవాడు కాదేమో. కానీ ఆయనకు దామలచెరువు దగ్గర మామిడితోట ఉండేది. మాఘమాసంలో పొగమంచు పడితే పూత రాలిపోతుందేమోనని తెల్లారకముందే లేచి తోటకు పోయేవాడు. పేరీత పువ్వు కోయడమంటే పూత రాల్చడమేనని ఎవరైనా ఒక్కమాట చెప్పి ఉంటే, కాపు ఉండదన్న సంగతి ఆయనకు ఇంకెవరూ విప్పి చెప్పక్కర్లేదు.