సూరత్‌లో .22 ‘సైనిక నకలు’ రైఫిల్ కొనవచ్చా? చట్టం ఏం చెబుతోంది?

పాత యుద్ధాల్లో సైనికులు వాడిన రైఫిల్‌ను అచ్చుగుద్దినట్టు పోలి ఉంటూ, చిన్న .22 తూటాలను మాత్రమే పేల్చే తుపాకులకు అమెరికా, ఐరోపాల్లో మంచి గిరాకీ ఉంది. ఏకే-47, ఎం-16, రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఎస్‌టీజీ-44, అమెరికన్ ఎం1 కార్బైన్ వంటి వాటికి .22 రూపాలు అక్కడి దుకాణాల్లో దొరుకుతాయి. వాటిని ‘రెప్లికా’ అని పిలుస్తారు. వీడియోల్లో వాటిని చూసినవారికి ఇక్కడా అలాంటిది ఒకటి కొనుక్కోవచ్చేమో అనిపించడం సహజం. ‘చిన్న తూటా, పైగా రెప్లికా... దీనికి లైసెన్సు ఎందుకు?’ అన్న అనుమానమూ వస్తుంది.

ఈ అనుమానం జైలు దాకా తీసుకెళ్లగలదు. భారత చట్టం తుపాకీని రూపాన్ని బట్టి తూచదు. అది ఏ తూటా పేలుస్తుంది, ఎలా పేలుస్తుంది అన్న రెండు ప్రశ్నలే అడుగుతుంది.

రిమ్‌ఫైర్ అంటే

తూటా పేలడానికి దాని అడుగున కొద్దిపాటి మందు ఉంటుంది. తుపాకీలోని సూది వచ్చి కొట్టగానే అది అంటుకుని, లోపలి అసలు మందును మండిస్తుంది. సైనిక తూటాల్లో ఈ కొద్దిపాటి మందు అడుగుభాగం మధ్యలో ఉంటుంది. రిమ్‌ఫైర్ తూటాలో అది అడుగున ఉన్న అంచు చుట్టూ ఉంటుంది. సూది ఆ అంచును కొడుతుంది. అంచు రేకు పలుచగా ఉండాలి కాబట్టి ఇందులో ఎక్కువ ఒత్తిడి పుట్టించడం కుదరదు. అందుకే రిమ్‌ఫైర్ తూటాలు చిన్నవి, చవకైనవి, భుజానికి పెద్దగా అదురు ఇవ్వనివి. ఒకసారి పేలిన తూటాను మామూలుగా మళ్లీ నింపి వాడుకోలేరు.

ఇప్పుడు ఎక్కువగా వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887లో అమెరికాలో వచ్చింది. .22 అంటే అంగుళంలో 22 శాతం, దాదాపు 5.6 మిల్లీమీటర్లు. సీసపు గుండు బరువు 2.6 గ్రాములు. పాత .303 సైనిక తూటాలో గుండు 11 గ్రాములకు పైగా ఉంటుంది, వేగం రెట్టింపు దాటుతుంది. శక్తిలో చూస్తే .22 దానికి సుమారు ఇరవయ్యో వంతు. అలాగని ఆటవస్తువు కాదు. .22 గుండు దాదాపు రెండున్నర కిలోమీటర్ల దూరం వెళ్లగలదు, మనిషి ప్రాణం తీయగలదు.

నకలు పుట్టింది సైన్యంలోనే

సైనిక రైఫిల్‌కు .22 రూపం ఇవ్వాలన్న ఆలోచన సరదా కోసం పుట్టలేదు. కొత్త సిపాయికి గురి నేర్పాలంటే వేలాది తూటాలు ఖర్చవుతాయి. పెద్ద తూటాకు ఖర్చు ఎక్కువ, సుదూరమైన మైదానమూ కావాలి. అందుకే బ్రిటిష్ సైన్యం తన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల గొట్టంలోకి సన్నటి .22 గొట్టాన్ని దూర్చి శిక్షణ తుపాకులుగా మార్చింది. బరువు, బోల్టు, గురి చూసే పద్ధతి అన్నీ అసలు రైఫిల్‌వే, తూటా మాత్రం చిన్నది. అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్ ఎం1922, జర్మనీ కేకేడబ్ల్యూ, సోవియట్ టోజ్-8 కూడా ఈ తరహా అవసరానికి వచ్చినవే.

ఈ వంశం భారత్‌లోనూ ఉంది. ఎన్‌సీసీలో చేరినవారిలో చాలామంది మొదట పేల్చినది .22 రైఫిలే. 25 గజాల దూరంలోని లక్ష్యానికి గురిపెట్టి, బోర్లా పడుకుని పేల్చిన ఆ తుపాకీ లీ-ఎన్‌ఫీల్డ్ శిక్షణ రైఫిల్ కావచ్చు, లేదా ఆ తర్వాత వచ్చిన .22 డీలక్స్ కావచ్చు. డీలక్స్‌ను పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసింది.

చట్టం దృష్టిలో ‘రెప్లికా’

1959 నాటి ఆయుధాల చట్టం కింద 2016లో కొత్త నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం రెప్లికా అంటే అసలు తుపాకీ కాకుండా, తుపాకీలా కనిపించేలా చేసిన వస్తువు. విదేశీ మార్కెట్‌లో రెప్లికా అని అమ్మే .22 రైఫిల్ నిజమైన తూటా పేలుస్తుంది. కనుక ఇక్కడ అది రెప్లికా కాదు, తుపాకీయే. లైసెన్సు తప్పనిసరి.

రెండో ప్రశ్న అది పేలే తీరు గురించి. ప్రతి తూటాకూ బోల్టును చేత్తో వెనక్కి లాగి ముందుకు తోయాల్సిన .22 రిమ్‌ఫైర్ రైఫిళ్లు మూడో కేటగిరీలో ఉన్నాయి. వీటికి స్థానిక అధికారి లైసెన్సు ఇవ్వగలరు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తనంతట తానే తర్వాతి తూటాను ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు మొదటి కేటగిరీలోకి వస్తాయి. వాటి విషయం కేంద్ర హోంశాఖ చేతిలో ఉంటుంది. ఏకే, ఎం-16 వంటి వాటి .22 రూపాలు దాదాపు అన్నీ సెమీ ఆటోమేటిక్‌లే. తూటా చిన్నదైనంత మాత్రాన వాటికి మినహాయింపు లేదు.

అసలు .303, 7.62 రైఫిళ్లు బోల్ట్ యాక్షన్ అయినా మొదటి కేటగిరీలోనివే, ఎందుకంటే అవి సైన్యం, పోలీసుల తూటాలను పేలుస్తాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు .303కు వీడ్కోలు చెప్పింది 2020లోనే. సైనిక తూటా పౌరుల చేతిలో పడకూడదన్న ఈ జాగ్రత్త బ్రిటిష్ కాలం నాటిది. ఇషాపూర్‌లో చేసే .315 స్పోర్టింగ్ రైఫిల్ యంత్రాంగం లీ-ఎన్‌ఫీల్డ్‌దే అయినా తూటా వేరు కావడానికి కారణం అదే.

సూరత్‌లో లైసెన్సు ఎవరిస్తారు?

సూరత్ నగరానికి పోలీస్ కమిషనరేట్ ఉంది. నగర పరిధిలో ఉండేవారికి లైసెన్సు ఇచ్చే అధికారం పోలీస్ కమిషనర్‌ది. బయటి తాలూకాల వారికి జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇక్కడ ఒక విషయం ముఖ్యం. దరఖాస్తు చేయాల్సింది సొంత ఊళ్లో కాదు, నివాసం ఉంటున్న చోట. సొంత జిల్లాలో ఇదివరకే లైసెన్సు ఉన్నవారు తుపాకీతో సహా సూరత్‌కు మారితే, ఆ సంగతి ఇక్కడి అధికారికి తెలియజేసి రికార్డుల్లోకి ఎక్కించుకోవాలి.

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. పోలీసు విచారణ ఉంటుంది. తుపాకీ ఎందుకు కావాలో సరైన కారణం చూపాలి. ‘చరిత్ర మీద ఇష్టం’ అనే కారణం అంత తేలిగ్గా నిలవదు. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్‌లో చేరి లక్ష్య సాధన చేస్తున్నవారి పరిస్థితి మెరుగు. అలాంటి సభ్యుల అవసరాన్ని చట్టంలోని 13వ సెక్షన్ ప్రత్యేకంగా గుర్తించింది. కాబట్టి .22 కావాలనుకునేవారు ముందు క్లబ్‌కు, తర్వాత కమిషనర్ కార్యాలయానికి, ఆ తర్వాతే దుకాణానికి వెళ్లడం మంచిది. దరఖాస్తును తిరస్కరిస్తే 18వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లవచ్చు.

2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒకరి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. గోడకు తగిలించి చూసుకోవడానికి ఒక .22 కొంటే, ఆ రెండింటిలో ఒక స్థానం దానికే పోతుంది.

కొనే ముందు చూడాల్సినవి

సాధారణ కొనుగోలుదారుకు చట్టబద్ధంగా మిగిలే దారులు రెండు. ఒకటి, ఇషాపూర్ తరహా కొత్త బోల్ట్ యాక్షన్ .22. ఇది ఏ సైనిక రైఫిల్‌కూ అచ్చు నకలు కాదు, కానీ శిక్షణ రైఫిళ్ల వారసత్వం దీనిది. రెండోది, లైసెన్సుతో చేతులు మారే పాత .22 తుపాకీ.

పాతది కొనేటప్పుడు గొట్టం మీద, బాడీ మీద ఉన్న నంబర్లు కాగితాల్లోని నంబర్లతో కలవాలి. గొట్టం లోపల తుప్పు, గుంటలు ఉన్నాయేమో చూడాలి. తూటా లేకుండా పదే పదే ట్రిగ్గర్ నొక్కిన రిమ్‌ఫైర్ తుపాకుల్లో సూది వచ్చి గొట్టం అంచునే కొడుతుంది. అక్కడ నొక్కు పడితే ఖాళీ తూటా సరిగా బయటికి రాదు. లీ-ఎన్‌ఫీల్డ్ రూపంలో ఉన్నదైతే అది నిజంగా .22గానే ఉందా, ఎవరైనా గొట్టం మార్చారా అన్నది లైసెన్సున్న డీలర్‌తో చూపించుకోవాలి. అనుమతి లేకుండా ఒక కేటగిరీ తుపాకీని మరో కేటగిరీలోకి మార్చడం 6వ సెక్షన్ కింద నేరం.

డీలర్ ద్వారా కాకుండా వ్యక్తి నుంచి కొంటే, అమ్మే వ్యక్తి ముందుగా జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ తర్వాత 45 రోజులు గడవాలి. అప్పటిదాకా తుపాకీ చేతులు మారకూడదు.

దొడ్డిదారులు

అమెరికాలో ఉన్న బంధువు కొని తెస్తాడన్న ఆశ పనికిరాదు. 10వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీని దేశంలోకి తేకూడదు. దిగుమతి సడలింపులు ప్రధానంగా గుర్తింపు పొందిన షూటింగ్ క్రీడాకారులకే.

‘వేరే రాష్ట్రం నుంచి లైసెన్సు ఇప్పిస్తాం’ అనే దళారుల మాట మరింత ప్రమాదం. నాగాలాండ్, మణిపూర్‌ల పేరుతో అక్రమంగా సంపాదించిన లైసెన్సుల వ్యవహారాన్ని గుజరాత్ ఏటీఎస్ 2025లో బయటపెట్టింది. లైసెన్సే చెల్లనప్పుడు, డబ్బు పోసి కొన్న తుపాకీ అక్రమ ఆయుధమే అవుతుంది. మామూలు తుపాకీని లైసెన్సు లేకుండా ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్లు, నిషేధిత ఆయుధమైతే ఏడు నుంచి పద్నాలుగేళ్లు జైలు శిక్ష పడవచ్చు.

పేల్చాలన్న పట్టుదల లేకపోతే

రూపం మీదే మక్కువ ఉన్నవారికి తేలికైన మార్గాలున్నాయి. 4.5 మిల్లీమీటర్లకు, 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. గురి నేర్చుకోవడానికి అది చాలు. చారిత్రక విలువ ఉండి, బాగు చేసినా పేలే అవకాశం లేని పాత తుపాకులకు 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అయితే అది నిజంగా పేలదన్న సంగతిని అధికారుల దగ్గర ముందే తేల్చుకుని కాగితం దగ్గర ఉంచుకోవడం క్షేమం.

లైసెన్సు తీసుకుని .22 కొన్నవారి బాధ్యత దుకాణంతో ముగియదు. తుపాకీని, తూటాలను పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాలి. లైసెన్సులో రాసిన సంఖ్యకు మించి తూటాలు కొనకూడదు. ఎన్నికల వేళ అప్పగించమని ఉత్తర్వు వస్తే పోలీసులకు అప్పగించాలి. గడువు ముగియకముందే లైసెన్సును పునరుద్ధరించుకోవాలి.