చోద్యం చూసేవాళ్ళ చరిత్ర

1964 మార్చి 13, తెల్లవారుజామున మూడు దాటింది. న్యూయార్క్‌లోని క్యూ గార్డెన్స్‌లో, పని ముగించుకుని ఇంటికి వస్తున్న కిటీ జెనొవీస్ అనే 28 ఏళ్ళ యువతిని ఒకడు కత్తితో పొడిచాడు. రెండు వారాల తరవాత న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఓ కథనం వచ్చింది. 38 మంది ఇరుగుపొరుగులు అరగంటకు పైగా చూస్తూ ఊరుకున్నారట. ప్రాణం ఉండగా ఒక్కరూ పోలీసులకు ఫోన్ చెయ్యలేదట. అమెరికా సిగ్గుపడింది.

ఆ లెక్క తప్పని తరవాత తేలింది. చాలామందికి వినబడింది ఏదో కేక మాత్రమే. ఒకాయన కిటికీలోంచి గదమాయిస్తే హంతకుడు పారిపోయాడు కూడా. కాసేపాగి మళ్ళీ వచ్చాడు. సోఫియా ఫరార్ అనే పొరుగావిడ, వాడక్కడే ఉన్నాడేమోనని కూడా చూడకుండా పరుగెత్తుకెళ్ళి కిటీని చేతుల్లోకి తీసుకుంది. ఆవిడ సంగతి ఆ కథనంలో లేదు. సాక్షుల సంఖ్యను పెంచి రాశామని పత్రికే 2016లో ఒప్పుకుంది. అలాగని అందరూ మంచివాళ్ళేనని కాదు. ఒకతను తలుపు తీసి, చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

ఎందుకిలా? జాన్ డార్లీ, బిబ్ లతానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేసి 1968లో ప్రచురించారు. విడివిడి గదుల్లో ఉన్న విద్యార్థులకు ఇంటర్‌కామ్‌లో ఎవరికో మూర్ఛ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది ఆ గొంతు ఆగేలోపే సాయానికి కదిలారు. ఇంకో నలుగురు వింటున్నారనుకున్నవాళ్ళలో కదిలింది 31 శాతమే. పదిమందిలో పాము చావదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇప్పుడు ఆ పదిమంది చేతుల్లోకీ కెమెరా వచ్చింది. 2017 జులైలో ఫ్లోరిడాలోని కోకోలో ఒక మనిషి కుంటలో మునిగిపోతుంటే ఐదుగురు కుర్రాళ్ళు నవ్వుతూ వీడియో తీశారు. ఫోన్ చేతిలోనే ఉంది, 911కి మాత్రం చెయ్యలేదు. అక్కడి చట్టంలో అది నేరం కాదు గనక కేసు నిలవలేదు.

ఇది అమెరికా జబ్బని సరిపెట్టుకోలేం. అదే ఏడు అక్టోబరులో విశాఖపట్నంలో పట్టపగలు ఫుట్‌పాత్ మీద ఒక స్త్రీపై అత్యాచారం జరుగుతుంటే జనం పక్కనుంచే నడిచిపోయారు. ఒకరు తీసిన వీడియో పోలీసులకు పనికొచ్చింది. ఆ క్షణాన ఆమెకు కావలసింది మాత్రం మనుషులు.

అయితే వీడియో తీయడమే తప్పనుకుంటే 2020 మే 25ను మరిచిపోవాలి. మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు అధికారి తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు మోపాడు. చుట్టూ ఉన్నవాళ్ళు వదలమని బతిమాలారు. నాడి చూడమని అరిచారు. అడ్డుకోబోతే ఎదురుగా ఉన్నది తుపాకులున్న పోలీసులు. 17 ఏళ్ళ అమ్మాయి తీసిన వీడియో లేకపోతే, అనారోగ్యంతో పోయాడన్నట్టున్న పోలీసుల మొదటి ప్రకటనే చరిత్రగా మిగిలేది.

కోకోలోనూ మినియాపొలిస్‌లోనూ ఉన్నది ఒకే యంత్రం. మరో దారి మూసుకుపోయినప్పుడు అది సాక్ష్యం. తెరిచే ఉన్నప్పుడు చోద్యం.

మన దేశంలో సాయం చేస్తే స్టేషన్ చుట్టూ తిరగాలన్న భయం పాతది. రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకునేవాళ్ళకు 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇచ్చింది. ఇక గుంపు సంగతి. ప్రథమ చికిత్స శిక్షణలో ఒక చిట్కా చెబుతారు: "ఎవరైనా ఫోన్ చెయ్యండి" అనకండి, ఒకరిని వేలుపెట్టి చూపి "మీరు చెయ్యండి" అనండి. ఇక్కడైతే 911, మన దేశంలో 112. వీడియో ఆ తరవాత.